గుడ్ల ట్రేలో ఉన్న లెక్క: పాత కాగితపు పీచు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది

కిరాణా కొట్టు ముందు పేర్చి ఉండే బూడిద రంగు గుడ్ల ట్రేను పర్యావరణానికి మేలు చేసే సరుకని ఎవరూ పొగడరు. దాని మీద పచ్చని ఆకు బొమ్మ ఉండదు, ఏ ఎగ్జిబిషన్‌లోనూ దానికి స్టాల్ పెట్టరు. అయినా పాత కాగితం పీచుతో తయారై, పని అయిపోయాక మట్టిలో కలిసిపోగల వస్తువు పేరు చెప్పమంటే ముందు చెప్పాల్సింది దాని పేరే. సబ్సిడీ గానీ ప్రచారం గానీ లేకుండా, చవకగా ఉంది కాబట్టి దశాబ్దాలుగా నిలబడింది.

తెలుగువాళ్లకు ఈ ట్రేతో ఉన్న సంబంధం చిన్నది కాదు. కేంద్ర పశుసంవర్ధక శాఖ గణాంకాల ప్రకారం 2023-24లో దేశంలో 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తి అయ్యాయి. అందులో 17.85 శాతం వాటాతో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. తెలంగాణ వాటా 12.88 శాతం. రెండూ కలిపితే దాదాపు 4,380 కోట్ల గుడ్లు. ట్రేకి 30 చొప్పున ఇవి 146 కోట్ల ట్రేలకు సరిపడా సరుకు. ఒక్కో ట్రే 70 గ్రాములనుకుని, ప్రతి ట్రేనూ ఒక్కసారే వాడతారనుకుంటే ఏటా లక్ష టన్నుల కాగితం కావాలి. నిజానికి అంత అవసరం పడదు. ట్రేలు చేతులు మారుతూ మళ్లీ మళ్లీ తిరుగుతాయి, ప్లాస్టిక్ ట్రేలూ వాడుకలో ఉన్నాయి. కానీ చిత్తు కాగితానికి ఎంత పెద్ద గిరాకీ మన పక్కనే ఉందో ఈ లెక్క చెబుతుంది.

ఒక ట్రేను చేతిలోకి తీసుకుని వెలుతురులో చూస్తే అది ఎలా తయారైందో దాని ఒంటి మీదే కనిపిస్తుంది. ఒక వైపు సన్నని జాలీ గళ్ల ముద్ర ఉంటుంది. రెండో వైపు గరుకుగా, పీచు లేచినట్టు ఉంటుంది. అక్కడక్కడ నలగని రంగు కాగితం తునక, ఒక్కోసారి పూర్తిగా చెరిగిపోని అక్షరం ముక్క కనిపిస్తాయి. పాత పేపర్లను పల్పర్ అనే పెద్ద తొట్టిలో నీళ్లు పోసి చిలుకుతారు. పిన్నులు, ప్లాస్టిక్ ముక్కలు జల్లెడలో పోతాయి. మిగిలిన గుజ్జును ఇంకా నీళ్లు కలిపి పలచన చేస్తారు. ట్రే పోసే దశకు వచ్చేసరికి అందులో పీచు నూటికి ఒక వంతు మాత్రమే, తక్కినదంతా నీళ్లే. అంటే 70 గ్రాముల ట్రేకి ఏడు లీటర్ల గుజ్జునీళ్లు. స్టీలు జాలీ తొడిగిన, చిన్న చిన్న రంధ్రాలున్న అచ్చు ఆ నీళ్లలో మునుగుతుంది. లోపలి నుంచి వాక్యూమ్ పంపు పీలుస్తుంది. నీళ్లు జాలీలోంచి వెళ్లిపోతాయి, పీచు జాలీకి అంటుకుపోతుంది. ఎదురుగా ఉన్న రెండో అచ్చు ఆ తడి ట్రేను అందుకుని వదిలేస్తుంది. అదంతా క్షణాల పని. పీల్చేసిన నీళ్లు మళ్లీ తొట్టిలోకే వస్తాయి.

ఇందులో జిగురు ఎక్కడా లేదు. కాగితం పీచు అంటే ప్రధానంగా సెల్యులోజ్. నీరు ఆవిరైపోయే కొద్దీ పక్కపక్కనున్న పీచులు దగ్గరకు జరిగి, వాటి మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. ట్రే బలమంతా ఆ బంధాలదే. మళ్లీ నీళ్లు తగిలితే అవే బంధాలు విడిపోతాయి. అందుకే ఈ వస్తువు బలమూ బలహీనతా రెండూ ఒకచోటే ఉన్నాయి. తడిస్తే కరిగిపోతుంది కాబట్టే తిరిగి గుజ్జు చేయగలం, అదే కారణంగా అందులో సాంబారు పోయలేం. వానకు కాస్త ఆగాలని కొందరు గుజ్జులో పటిక, పైన్ చెట్ల బంక నుంచి వచ్చే రోజిన్ కలుపుతారు. దాంతో తడి పీల్చడం నెమ్మదిస్తుంది, పూర్తిగా ఆగదు.

ఈ పద్ధతి కనిపెట్టిన ఘనత మామూలుగా అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి చెందిన మార్టిన్ కీస్‌కు ఇస్తారు. 1903లో ఆయన పెట్టిన కంపెనీ కొత్త కలప గుజ్జుతో ప్లేట్లు పోసింది. యంత్రాన్ని పక్కన పెడితే, కాగితం గుజ్జుతో వస్తువు చేయడం మన ఇళ్లకు కొత్తేమీ కాదు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రోట్లో రుబ్బి, ఆ ముద్దను వెదురు చాటలకూ బుట్టలకూ అలికేవారు. బోర్లించిన బిందె మీద మెత్తి, ఎండాక ఊడదీస్తే పప్పులు పోసుకునే బుట్ట తయారయ్యేది. మెంతులు ఎందుకంటే పురుగు పట్టకుండా అని చెప్పేవారు. ఆ చేదు సంగతి అలా ఉంచితే, మెంతుల్లో గాలక్టోమానన్ అనే జిగట పదార్థం ఉంటుంది. పేపర్ మిల్లుల్లో కాగితానికి బలం కోసం గుజ్జులో కలిపే గోరుచిక్కుడు జాతి గ్వార్ గమ్ కూడా అదే కుటుంబానికి చెందినది. ఆ పీచుల మధ్య బంధాలను పెంచే పనే రోటి దగ్గరా జరిగింది.

పాత కాగితాన్ని ఎన్నిసార్లయినా తిరిగి వాడొచ్చనే నమ్మకం ఒకటి ఉంది. అది నిజం కాదు. మెత్తని కలప పీచు మూడు మిల్లీమీటర్ల దాకా పొడవుంటుంది. యూకలిప్టస్ లాంటి చెట్లది ఒక మిల్లీమీటరు అటూఇటూ. ప్రతిసారీ నానబెట్టి, చిలికి, ఎండబెట్టే క్రమంలో ఆ పీచు తెగుతుంది, పదేపదే ఉతికిన నూలు బట్టలా జీవం కోల్పోతుంది. ఒకసారి ఎండిన పీచు మళ్లీ నీళ్లలో వేసినా మొదట్లా ఉబ్బదు. ఉబ్బకపోతే పక్క పీచుతో గట్టిగా కలవదు. అయిదు నుంచి ఏడు విడతల తర్వాత అది కాగితానికి పనికిరాదని సాధారణంగా వేసే అంచనా.

గుడ్ల ట్రే గొప్పతనం ఇక్కడే ఉంది. పాత పేపర్‌ను మళ్లీ తెల్ల కాగితం చేయాలంటే సిరా తీసేయాలి. ఆ పనిలో సిరాతో పాటు పొట్టి పీచు, కాగితంలో కలిపిన సుద్ద లాంటి నింపుడు పదార్థాలు కొట్టుకుపోయి, సరుకులో చెప్పుకోదగ్గ భాగం బురదగా మిగులుతుంది. ఆ బురదను ఏం చేయాలన్నది మరో తలనొప్పి. ట్రేకి తెలుపు అక్కర్లేదు. సిరాను అలాగే ఉంచుతారు కాబట్టి అది బూడిద రంగులో ఉంటుంది. పీచు పొట్టిదైనా ఫర్వాలేదు, ఎందుకంటే బలం కాగితం మందంలో కన్నా ఆకారంలో ఎక్కువ ఉంది. ట్రేల దొంతరలో పైబరువును గుడ్డు మోయదు, గుంటల మధ్య లేచి ఉండే శంకువులు మోస్తాయి. గుడ్డుకు పైన పెంకు ఉండనే ఉంది. అంటే ఈ పీచు తన చివరి మజిలీలో ఏం ఇవ్వగలదో అంతే అడిగే ఉద్యోగం దానికి దొరికింది. ఆఫీసుల్లోంచి వచ్చే తెల్ల కాగితాన్ని నేరుగా ట్రేలకో పూలకుండీలకో వాడి, దాన్ని గొప్ప రీసైక్లింగ్‌గా చెప్పుకోవడం మాత్రం దుబారా. ఆ పీచుకు ఇంకా నాలుగైదు జన్మలు మిగిలే ఉంటాయి.

ఖర్చు సంగతికి వస్తే, బయటివాళ్లు కాగితం ధర గురించి ఆలోచిస్తారు, యూనిట్ నడిపేవాళ్లకు టెన్షన్ ఎండబెట్టడం గురించి. అచ్చు నుంచి దిగిన ట్రేలో నాలుగింట మూడు వంతులు నీళ్లే. 70 గ్రాముల పీచుకు 210 గ్రాముల నీరు. టన్ను ట్రేలకు మూడు టన్నుల నీటిని ఆవిరి చేయాలి. ఆవిరికి పట్టే వేడిని కరెంటు లెక్కలో చెబితే రెండు వేల యూనిట్ల పైచిలుకు. అంటే నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటికి పది నెలల కరెంటు. ఇది వేడి ఎక్కడా వృథా కాకపోతేనే, డ్రయ్యర్‌లో అది అసాధ్యం. ఆ వేడి బొగ్గుదైతే ట్రే పచ్చదనం అక్కడే సగం ఆవిరైపోతుంది. ఎండలో ఆరబెట్టే చిన్న యూనిట్లకు ఈ ఖర్చు దాదాపు సున్నా. మన ఎండలు దీనికి వరమే, కానీ వానాకాలంలో ట్రేలు ఆరవు, వంకర్లు పోతాయి, బూజు పడుతుంది. ఎండాకాలంలో గుడ్లకు గిరాకీ తగ్గి ట్రేలు ఎక్కువ ఆరతాయి, వానలు, చలి మొదలై గుడ్ల అమ్మకం పెరిగేసరికి ఎండ కరువవుతుంది.

2022 జులై 1 నుంచి దేశంలో ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం వచ్చాక, ప్లేట్లు, గిన్నెలు, స్పూన్లు కూడా కాగితం గుజ్జుతో చేద్దామనే ఉత్సాహం పెరిగింది. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. గుడ్డుకు పెంకు ఉంది, పెరుగన్నానికి లేదు. నూనె, వేడి, తడి మూడింటినీ ఆపాలంటే పీచు ఒక్కటే చాలదు, దానికి పూతో పొరో కావాలి. పేపర్ కప్పులో టీ ఆగేది లోపలున్న పలుచని పాలిథిన్ పొర వల్ల. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో తేల్చిన ప్రకారం అలాంటి కప్పులో వేడి పానీయాన్ని పావుగంట ఉంచితే 100 మిల్లీలీటర్లలోకి దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు దిగుతాయి. పొర వద్దనుకున్నవాళ్లు చాలా దేశాల్లో గుజ్జులోనే పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు కలిపారు. అవి నూనెను, నీటిని పక్కాగా ఆపుతాయి. కాకపోతే మట్టిలో కుళ్లవు. ప్లేటు పీచు కంపోస్టై పోయాక కూడా పీఫాస్ ఆ ఎరువులోనే ఉండి, పంటలోకి, నీళ్లలోకి వెళుతుంది. 2020 జులైలో డెన్మార్క్ ఆహారం తగిలే కాగితంలో వీటిని నిషేధించింది. నూనె ఆపేందుకు వాడే పీఫాస్‌ను అమెరికాలో ఆహార ప్యాకింగ్ కోసం ఇక అమ్మడం లేదని 2024 ఫిబ్రవరిలో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది. మట్టిలో కలిసిపోతుందనే పేరుతో అమ్మిన వస్తువులోనే, మట్టిలో ఎప్పటికీ మిగిలిపోయే రసాయనం ఉండటం ఈ రంగంలో జరిగిన పెద్ద మోసాల్లో ఒకటి.

పాత పేపర్ గుజ్జుకైతే ఇంకో అడ్డంకి ఉంది. పేపర్ సిరాల్లో పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్ ఉంటుంది. రీసైకిల్ అట్టపెట్టెల నుంచి ఆ నూనె ఆవిరి రూపంలో లేచి, లోపలి పలుచని ప్లాస్టిక్ సంచిని సైతం దాటి, పొడి ఆహారంలోకి చేరుతోందని స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ ప్రభుత్వ ప్రయోగశాలలో కోని గ్రోబ్ బృందం చూపించింది. ఏటీఎం స్లిప్పులు, బిల్లుల కాగితం చెత్తలో కలిస్తే బిస్ఫినాల్ అనే హానికర రసాయనం కూడా గుజ్జులోకి వస్తుంది. మన దగ్గర 2018 నాటి ఆహార ప్యాకింగ్ నిబంధనలు న్యూస్‌పేపర్‌లో తినుబండారాలు చుట్టడాన్ని నిషేధించాయి. బజ్జీల పొట్లం వద్దన్న పేపర్‌నే గుజ్జు చేసి ప్లేటుగా పోస్తే సిరా ఎక్కడికీ పోదు. కాబట్టి భోజనం ప్లేట్ల పనిని చెరుకు పిప్పికో, వక్కచెట్టు మట్టకో, మన విస్తరాకుకో వదిలేయడమే తెలివైన పని. పాత కాగితం ఆ పోటీలోకి దిగనక్కర్లేదు.

అసలు ఏ వస్తువైనా కుళ్లుతుందా లేదా అన్నది ఆ వస్తువును ఒక్కదాన్నే చూసి చెప్పలేం. అది చివరికి చేరే చోటును కూడా చూడాలి. అరిజోనా విశ్వవిద్యాలయంలో విలియం రాత్జీ బృందం అమెరికా చెత్తగుట్టలను తవ్వినప్పుడు దశాబ్దాల నాటి దినపత్రికలు చక్కగా చదువుకునే స్థితిలో బయటపడ్డాయి. గాలీ తడీ అందని చోట కాగితం కూడా ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. తడి ఉండి గాలి లేకపోతే ఇంకో రకం నష్టం. అప్పుడు కాగితం కుళ్లి మీథేన్ వదులుతుంది. నూరేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడిని పట్టి ఉంచే వాయువది. అంటే జవహర్‌నగర్ లాంటి డంప్‌యార్డుకు చేరే కాగితపు వస్తువు అక్కడ కుళ్లకపోతే ఒక బాధ, కుళ్లితే ఇంకో బాధ.

నీళ్లలో పడితే? ఈ ప్రశ్నకు జవాబు వినాయక చవితి దగ్గర దొరుకుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కు బదులుగా కాగితం గుజ్జు విగ్రహాలు పర్యావరణానికి మంచివని చాలాకాలం చెప్పారు. మహారాష్ట్ర ప్రభుత్వం వాటిని ప్రోత్సహిస్తూ 2011లో ఉత్తర్వు కూడా ఇచ్చింది. 2016లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దాని మీద స్టే విధించింది. కారణం అర్థం కావాలంటే చిన్న లెక్క చాలు. సెల్యులోజ్ కుళ్లాలంటే ఆక్సిజన్ కావాలి, కిలో సెల్యులోజ్‌కు దాదాపు 1.2 కిలోలు. చెరువు నీళ్లలో లీటరుకు ఏడెనిమిది మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ కరగదు. కిలో కాగితం పూర్తిగా కుళ్లడానికి లక్షన్నర లీటర్ల నీటిలోని ఆక్సిజన్ అంతా కావాలి. అదంతా ఒక్కరోజులో జరగదు, గాలి నుంచి కొత్త ఆక్సిజన్ కరుగుతూనే ఉంటుంది. కానీ ఒకే రాత్రి హుస్సేన్‌సాగర్ లాంటి నిలవ నీటిలో వేల విగ్రహాలు పడితే గాలి ఆ లోటు పూడ్చలేదు. చేపలు చచ్చేది కాగితం కుళ్లనందుకు కాదు, కుళ్లుతున్నందుకు. మట్టి విగ్రహంతో ఈ గొడవ లేదు. బంకమట్టికి కుళ్లే పనే లేదు, ఊరికే అడుగుకు దిగుతుంది.

మొక్కల కుండీల దగ్గర కథ ఇంకాస్త ఆశాజనకంగా ఉంటుంది, అక్కడా షరతులున్నాయి. కడియం నర్సరీల్లో నల్ల పాలిథిన్ సంచులు లెక్కకు అందవు. వాటి స్థానంలో కాగితం గుజ్జు కుండీలు పెడితే సంచి చింపకుండా నేరుగా నాటొచ్చు, వేరు కదలదు. కానీ కడియంలో మొక్క సంచిలో నెలలు, కొన్ని ఏళ్ల తరబడి ఉంటుంది. రోజూ నీళ్లు పడే చోట కాగితపు కుండీ అంతకాలం నిలవదు, లారీ ఎక్కించేటప్పుడు అడుగు ఊడుతుంది. అదే మిరప, టమాటా నారుకైతే అయిదారు వారాలు ఆగితే చాలు. ఆ గడువు కాగితానికి సరిపోతుంది. అయితే నాటేటప్పుడు కుండీ అంచు మట్టి పైకి కనిపించకూడదు. కనిపిస్తే అది ఒత్తిలా పనిచేసి వేరు దగ్గరి తడిని గాలిలోకి లాగేస్తుంది. పైగా కాగితంలో కార్బన్ ఎక్కువ, నత్రజని దాదాపు ఉండదు. దాన్ని తినే సూక్ష్మజీవులు కావాల్సిన నత్రజనిని చుట్టూ ఉన్న మట్టి నుంచి లాక్కుంటాయి. నారు పసుపు తిరిగితే రైతు తెగులనుకుని మందు కొడతాడు. నాటేముందు కాస్త యూరియా నీళ్లో, ఎరువో పడితే ఆ కొరత తీరుతుంది. ఈ ఒక్క ముక్క అమ్మేవాళ్లు చెప్పకపోతే, వచ్చే ఏడు రైతు మళ్లీ నారు పెంచే ప్లాస్టిక్ ప్రోట్రేలే కొంటాడు.

అంతం నుంచి మొదలుపెట్టి వస్తువును ఆలోచించిన తీరుకు బ్రిటన్ ఆస్పత్రుల్లో 1960ల నుంచి వాడుతున్న బెడ్‌పాన్లు మంచి ఉదాహరణ. అమ్ముడుపోకుండా మిగిలిన న్యూస్‌పేపర్ల గుజ్జుతో వాటిని చేస్తారు. రోగి వాడాక కడగరు. వార్డు పక్కనే ఉండే యంత్రంలో వేస్తే నీళ్లతో చిలికి మళ్లీ గుజ్జు చేసి మురుగు పైపులోకి పంపుతుంది. కడగడంలో ఇన్‌ఫెక్షన్ వ్యాపించే ప్రమాదం పోయింది. కొన్ని గంటలు తడి ఆపేంత బలం, ఆ తర్వాత నీళ్లలో విడిపోయే గుణం, ఈ రెండే అందులో అడిగారు.

మన ట్రేల విషయంలో ఆ వ్యాధి భయం తిరగబడి వస్తోంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. కాగితపు ట్రేను కడగలేం, మందు నీళ్లలో ముంచలేం. అలాంటి ట్రే సంత నుంచి ఫారానికి తిరిగి రావడమంటే రోగానికి దారి తెరిచినట్టే. ట్రేను మళ్లీ మళ్లీ వాడితే కాగితం ఆదా అవుతుందనే లెక్క ఇక్కడ చెల్లదు. ఫారం నుంచి ఒకసారి బయటికి వెళ్లిన కాగితపు ట్రే అటు గుజ్జుకో, ఇటు ఎరువుకో వెళ్లాలి. పగిలిన గుడ్డు సొన అంటినవి గుజ్జుకు పనికిరావు, వాటికి ఎరువు దారే సరి. కోళ్ల పెంటలో నత్రజని ఎక్కువ, ట్రేలో కార్బన్ ఎక్కువ, కలిపి తడిపి తిరగేస్తే రెండింటికీ లోటు తీరుతుంది. ఆ పని సంత దగ్గరి కంపోస్టు యార్డులో జరగాలి గానీ ఫారం ఆవరణలో కాదు.

ఇక ముడిసరుకు. పేపర్ వేయించుకునే ఇళ్లు తగ్గుతున్నాయి, ఆన్‌లైన్ ఆర్డర్ల అట్టపెట్టెలు పెరుగుతున్నాయి. స్క్రాప్ షాపులో పాత పేపర్ల కట్టలకన్నా నలిపిన అట్టల గుట్టే పెద్దదిగా కనిపిస్తోంది. ట్రేల యూనిట్లకూ అట్ట వాటా పెంచక తప్పడం లేదు. అట్టపెట్టె పీచు పొడవైనది, ట్రే గట్టిగా వస్తుంది. దాన్ని చిలకడానికి మాత్రం ఎక్కువ సమయం, ఎక్కువ కరెంటు పడుతుంది. అంతకంటే పెద్ద తంటా పెట్టెలకు చుట్టిన ప్లాస్టిక్ టేపుతో. పెద్ద ముక్కలు జల్లెడలో ఆగుతాయి. చిన్నవి పల్పర్‌లో తునకలై ట్రేలోకి ఎక్కుతాయి, ట్రేతో పాటు పొలానికి వెళ్లి, కాగితం పోయాక మట్టిలో మిగిలిపోతాయి. పిండి జిగురు పూసిన సాదా కాగితపు టేపు వాడితే ఈ గొడవ ఉండదు, అది పల్పర్‌లో అట్టతో పాటే నానిపోతుంది. కానీ పెట్టెకు ఏ టేపు వేయాలో తేల్చేది ట్రేలు పోసేవాళ్లు కాదు, ఎక్కడో గోడౌన్‌లో సరుకు ప్యాక్ చేసే కంపెనీ. ట్రేలో వచ్చే మెరిసే తునకల ఖర్చు దాని ఖాతాలో పడనంత కాలం, చవకగా దొరికే ప్లాస్టిక్ టేపునే అది వాడుతుంది.